అంతర్జాల పుటలు – చదువరి సమ్మతి

ఈ దినమున నేను మీతో ప్రసంగింపదలచిన విషయము వినుటకు క్రొత్తగా తోచవచ్చును గాని, దాని మూలముననున్న నీతి మీకు క్రొత్తది కాదు. మనము ఒకరి యింటికి పోయి కూర్చుండగా, ఆ యింటివాడు మనలను ఒక్కమాటైనను అడుగక మూడవవానిని పిలిపించి మన ప్రక్కను కూర్చుండబెట్టి, మనము పలుకు పలుకులన్నియు వ్రాసికొమ్మని చెప్పినచో సహింతుమా? అంతర్జాలమున, అనగా ఇంటర్నెట్టునందు, మనము తెఱచెడు పుటలలో నిత్యమును జరుగుచున్నది ఇట్టిదే. పుట చూపువాడు తనవి కాని వస్తువులను, అనగా పరుల చిత్రములను, దేశపటములను, ప్రకటనలను తన పుటలో పొదిగి చూపును. అట్లు చూపునప్పుడు వానిని తెప్పించుటకు ముందే చదువరి సమ్మతిని పొందవలెనా, అక్కఱలేదా అనునదియే నేటి ప్రశ్న. పొందవలెననియు, అదియును ముందుగానే పొందవలెననియు నా యభిప్రాయము. అందులకు కారణములను, దానికిగల సులభమైన ఉపాయమును మీకు విన్నవించెదను.

ఇది పట్టణవాసులకు మాత్రము సంబంధించిన సంగతి యని తలపవలదు. మీసేవా కేంద్రములు 2011వ సంవత్సరము నవంబరు 4వ తేదీన మొట్టమొదట ప్రారంభమైనది మన చిత్తూరు జిల్లాయందే. అప్పటికి తిరుపతి జిల్లా వేరుపడలేదు; అది 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడినది. అడంగలు నకలు కొఱకును, ఆదాయ ధ్రువపత్రము కొఱకును తాలూకా కచేరి చుట్టు తిరిగిన పెద్దలు మీలో పెక్కురున్నారు. అట్టివారే నేడు కేంద్రమునకు పోయి, కంప్యూటరు తెరపై తమ భూమి లెక్కను చూచి తెచ్చుకొనుచున్నారు. తిరుమల దర్శనపు టిక్కెట్టు, కొండపై బస, తోతాపురి మామిడి ధర, వానరాక, వైద్యుని సలహా – ఇవి యన్నియు మనుమని చేతిలోని సెల్‌ఫోనునుండియే ఇంటికి వచ్చుచున్నవి. కావున పుట యెట్లు పనిచేయునో, దానివెనుక ఎవరున్నారో పల్లెవారును తెలిసికొనవలసిన కాలము వచ్చినది.

మొదట పుట నిర్మాణమును గూర్చి చెప్పెదను. అచ్చుపుస్తకమందలి పుటలో అక్షరములును బొమ్మలును ఒకే ముద్రణాలయమున తయారై, ఒకే కాగితముపై నుండును. అంతర్జాలపు పుట అట్టిది కాదు. అది పెండ్లివిందులోని విస్తరి వంటిది. అన్నము, పప్పు ఇంటివారు వండినవి. లడ్డు ఒక యంగడిది. తాంబూలము మఱియొక యంగడిది. విస్తరిలోనికి వచ్చినపిదప అన్నియు ఒకే యింటివిగా కనబడును. పుటయందును అంతియే. అందలి వ్రాత పుట యజమానునిది. దారి చూపు పటము గూగుల్ సంస్థది కావచ్చును. కదలెడు చిత్రము యూట్యూబునుండి వచ్చినది కావచ్చును. మెచ్చుకోలును తెలుపు మీట ఫేస్‌బుక్కు వారిదై యుండెడిది. కడకు అక్షరముల రూపములు కూడ వేఱొకచోటినుండి వచ్చుట కలదు.

అయితే పెండ్లివిందునకును దీనికిని ఒక భేదమున్నది. విందులో లడ్డును అంగడినుండి తెప్పించువాడు పెండ్లివాడు. పుటయందు అట్లు కాదు. పుట యజమానుడు ఒక చీటి మాత్రము వ్రాసియుంచును: “పటము ఫలానివారియొద్ద నున్నది, చిత్రము ఫలానివారియొద్ద నున్నది, తెచ్చుకొనుము” అని. ఆ చీటిని చదివి, ఆయా యంగళ్లకు పరుగెత్తి తెచ్చునది అతిథియొక్క సేవకుడే, అనగా మీ చేతిలోని ఫోను. సేవకుడు అంగడికి పోయినపుడు, వస్తువును ఎక్కడికి పంపవలెనో చెప్పక తీరదు గదా. కావున మీ ఫోను ఆ అంగడివానికి తన చిరునామాను చెప్పును. దీనిని ఐ.పి. చిరునామా యందురు. తాను ఏ జాతి ఫోనో చెప్పును. సామాన్యముగా, ఏ స్థలమునందలి పుటను చదువుచు ఈ వస్తువును కోరుచున్నదో ఆ సంగతియు తెలిపివేయును. ఇదియంతయు కనుఱెప్ప వ్రాలునంతలో జరిగిపోవును. మీరు ఆ చిత్రమును నొక్కి చూడకపోయినను, ఆ పటమును వ్రేలితో తాకకపోయినను, అవి పుటలో కనబడుటయే చాలును. వార్త చేరవలసినవారికి చేరినట్లే.

ఒక దృష్టాంతముతో దీనిని స్పష్టపఱచెదను. ఒక గ్రామమున గంగమ్మ జాతర జరుగుచున్నదనుకొందము. ఊరిలో చదువుకొన్న యువకుడొకడు ఉత్సాహముతో ఒక పుటను తయారుచేసి, జాతర తేదీలను, వేషముల వివరములను వ్రాసెను. ఊరికి దారి తెలియుటకై ఒక పటమును, గత సంవత్సరపు సంబరములను చూపుటకై ఒక చిత్రమును పొదిగెను. బెంగుళూరునకో మద్రాసునకో పనికై వలసపోయిన ఆ యూరివారు తమ తల్లి జాతర ఎప్పుడో తెలిసికొనుటకు పుటను తెఱచిరి. వారు అడిగినది తేదీ మాత్రమే. అయినను వారు ఆ పుటను తెఱచిన సంగతి, ఏ ఘడియలో తెఱచిరో ఆ సంగతి, దూరదేశముననున్న రెండు మూడు సంస్థలకు తెలిసిపోయినది. ఆ యువకునికి దురుద్దేశము లేదు. పటము ఉచితముగా దొరకినది, పెట్టెను. మఱి ఆ పటమునకు వెల ఎవరు చెల్లించిరి? పుట చూచినవారు చెల్లించిరి. తాము చెల్లించుచున్నామని ఎఱుగకయే చెల్లించిరి.

ఇక కుకీ యను దానిని గూర్చి చెప్పవలెను. తిరుమలలో దర్శనమునకు పోవు యాత్రికులు తమ సామానును అప్పగించి ఒక టోకెను పుచ్చుకొందురు. తిరిగి వచ్చి దానిని చూపినచో ఎవరి సంచి వారికి చేరును. టోకెను లేనిచో వేలకొలది సంచులలో మనది ఏదియో గుర్తించుట యెట్లు? అంతర్జాలమునందును ఇట్టి టోకెనులు కావలసివచ్చినవి. 1994వ సంవత్సరమున నెట్‌స్కేపు అను సంస్థయందు పనిచేయుచుండిన లూ మాంటుల్లి యను అమెరికా దేశస్థుడు దీనిని కల్పించెను. మీరు ఒక స్థలమునకు పోయినపుడు ఆ స్థలమువారు మీ ఫోనునందు ఒక చిన్న గుర్తును ఉంచుదురు. మరల పోయినపుడు ఆ గుర్తును చూచి, “వీరు మునుపు వచ్చినవారే” యని తెలిసికొందురు. ఇంతవరకు మేలే. టిక్కెట్టు కొనునప్పుడు సగము పనిలో మన పేరు మఱచిపోకుండుటకు ఇదియే ఆధారము.

కాని యిప్పుడు వేఱొక విధముగా ఊహింపుడు. గుడియొద్దను, వైద్యశాలయొద్దను, విత్తనముల దుకాణమునొద్దను, బంగారము కుదువబెట్టు అంగడియొద్దను టోకెనులిచ్చు గుమాస్తాలందఱు ఒకే యజమానుని మనుష్యులైనచో ఏమగును? మీ జేబులో ఒకే టోకెను ఉండును. పోయినచోటనెల్ల దానిని చూపుదురు. సాయంకాలమునకు ఆ యజమానుడు తన గుమాస్తాల లెక్కలను కలిపి చూచుకొనును. ఈ టోకెనుగల మనిషి ఉదయమున వైద్యశాలకు పోయినాడు, మధ్యాహ్నమున నగను కుదువబెట్టినాడు, సాయంకాలమున గుడిలో మ్రొక్కినాడు అని వ్రాసికొనును. ఏ యంగడివాడును మీ కథను పూర్తిగా ఎఱుగడు. ఈ మూడవవాడు మాత్రము ఎఱుగును. పెక్కు పుటలలో పొదుగబడిన ఒకే సంస్థవారి మీటకును, పటమునకును గల శక్తి ఇదియే. మీరు ఆ సంస్థలో పేరు నమోదుచేసికొని, ఫోనునందు ఆ ఖాతాను తెఱచి యుంచిన పక్షమున, టోకెనుకు మీ పేరే అంటుకొనుటకును వీలున్నది.

“మేము దొంగతనము చేయలేదు, దాచవలసినది మాకేమున్నది?” అని కొందఱు పెద్దలు నాతో అనుచుందురు. ఇది తగిన ప్రశ్నయే. తగిన ప్రత్యుత్తరమును కలదు. మదనపల్లెకు సమీపముననున్న ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయము 1915వ సంవత్సరమున ప్రారంభమైనది. క్షయ యను మాట వినబడినంతనే పెండ్లి సంబంధములు తప్పిపోవు దినములవి. రోగి చేసిన తప్పేమియు లేదు. అయినను ఇంటివారు ఆ పేరును బయట పలుకుటకు జంకెడివారు. దాచుకొనుట వేఱు, దోషము చేయుట వేఱు. రోగము, అప్పు, కాపురములోని కలత, బిడ్డ చదువులోని లోపము – వీనిని మనము దాచుకొనునది తప్పుచేసి కాదు. అవి మనవి గనుక. నేటి రోగి వైద్యునియొద్దకు పోవుటకు ముందే, దగ్గు తగ్గకుండుటకు కారణమేమని ఫోనునందు చదువును. ఆ పుటలో పరాయివారి ప్రకటన యొకటి పొదుగబడియున్నచో, తల్లికిని భార్యకును చెప్పని భయమును ముందుగా ఎఱిగినవాడు ఆ ప్రకటనకర్త యగును.

ఎఱిగి ఏమిచేయుదురని అడుగవచ్చును. ఈ వ్యాపారముయొక్క ముఖ్యప్రయోజనము ప్రకటనలే. ఎవరికి ఏది అవసరమో, ఎవరు ఏ సమయమున దుర్బలులో ఊహించి, వారికి తగిన ప్రకటనను వారి యెదుట నిలుపుట. అప్పును గూర్చి చదివినవానికి అప్పిచ్చువారి ప్రకటనలు వరుసగా కనబడుట మీలో కొందఱు గమనించియే యుందురు. కఱవు కాలమున సాహుకారు తలుపు తట్టెనన్న, ఆ తట్టినవాడెవడో, మన యిక్కట్టు అతనికెట్లు తెలిసెనో మనకు తెలియును. ఇచ్చట తట్టువాడు కనబడడు. అతనికి ఎవరు చెప్పిరో అదియు తెలియదు. అన్యాయమంతయు ఈ తెలియకపోవుటలోనే యున్నది.

మనలో “మౌనము అర్ధాంగీకారము” అను మాట కలదు. పెండ్లిచూపులలో పిల్ల తలవంచి ఊరకున్నచో అంగీకరించినట్లే యని పూర్వులు లెక్కించిరి. అంతర్జాలమున పుటలు నడుపువారు చిరకాలము ఈ సామెత నీడనే బ్రతికిరి. మీరు పుటను తెఱచితిరి, వద్దనలేదు, కావున ఒప్పుకొంటిరి అని వారి వాదము. కాని వద్దనుటకు ముందు అడిగినవారేరి? అడుగనివానికి ప్రత్యుత్తరమీయని మౌనము అర్ధాంగీకారమైన కాదు.

చట్టమును ఈ వాదమును త్రోసివేసినది. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమునందు న్యాయమూర్తిగా నుండి విశ్రాంతిపొందిన పుట్టస్వామిగారు తెచ్చిన వ్యాజ్యమునందు, 2017వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన మన సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా, స్వవిషయ గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ పిమ్మట పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు 2023 ఆగస్టు 11వ తేదీన రాష్ట్రపతి ఆమోదముద్ర లభించినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమ్మతికి సంబంధించిన ముఖ్యభాగములు పదునెనిమిది మాసముల పిదప, అనగా 2027 మే మాసమున అమలునకు వచ్చునట్లు ఆ ప్రకటనలో నిర్ణయింపబడినది.

ఆ చట్టము సమ్మతికి చెప్పిన లక్షణములు మీరు జ్ఞాపకముంచుకొనదగినవి. సమ్మతి స్వేచ్ఛగా ఈయబడవలెను. ఒక నిర్దిష్టమైన ప్రయోజనమునకే యుండవలెను. సంగతి తెలిసి ఇచ్చినదై యుండవలెను. షరతులు లేనిదై యుండవలెను. సందేహమునకు తావులేకుండ, స్పష్టమైన ఒక చర్యచేత తెలుపబడవలెను. ఇచ్చుట యెంత సులభమో మరలించుకొనుటయు అంత సులభముగా నుండవలెను. సమ్మతి కోరునప్పుడు ఇచ్చు నోటీసును ఇంగ్లీషునందేకాక, రాజ్యాంగముయొక్క ఎనిమిదవ షెడ్యూలునందలి ఇరువదిరెండు భాషలలో కోరినదానియందు చదువుకొను వీలు కల్పింపవలెను. మన తెలుగు అందులో నున్నది. చట్టమే ఒక ఉదాహరణమును చూపినది. దూరమునుండి వైద్యము చేయు సాధనమొకటి, వైద్యము కొఱకును, ఫోనునందలి బంధుమిత్రుల సంఖ్యల పట్టికను చూచుట కొఱకును ఒక్కమాఱే సమ్మతి కోరినదట. రోగి రెండింటికిని ఒప్పుకొనెను. అయినను వైద్యమునకు ఆ పట్టికతో పనిలేదు గనుక, ఆ సమ్మతి వైద్యమునకు మాత్రమే చెల్లునని చట్టము చెప్పుచున్నది. పుటలో పొదిగిన పరుల వస్తువులను ఈ చట్టము పేరెత్తి చెప్పలేదు. కాని జాతర తేదీని చూచుటకు వచ్చినవాని చిరునామాను మూడవవానికి పంపుట అవసరమా అను ప్రశ్న ఈ ఉదాహరణమునుండియే పుట్టుచున్నది.

ఈ ప్రశ్న యూరపు ఖండమున సూటిగానే న్యాయస్థానముల కెక్కినది. జర్మనీ దేశమున ఫ్యాషన్ ఐడి యను బట్టల వర్తకపు సంస్థ తన పుటలో ఫేస్‌బుక్కు వారి మెచ్చుకోలు మీటను పొదిగెను. పుటను తెఱచిన ప్రతివాని సమాచారమును, అతడు మీటను నొక్కినను నొక్కకున్నను, అతనికి ఫేస్‌బుక్కునందు ఖాతా యున్నను లేకున్నను, ఆ సంస్థకు చేరుచుండెను. వినియోగదారుల సంఘమువారు వ్యాజ్యము వేసిరి. 2019వ సంవత్సరము జూలై 29వ తేదీన యూరపు సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఫేస్‌బుక్కు తరువాత ఆ సమాచారముతో ఏమిచేయునో దానికి బట్టల వర్తకుడు బాధ్యుడు కాడు. కాని సమాచారమును సేకరించి పంపుటయందు మాత్రము అతడును సహబాధ్యుడే. చదువరికి ముందుగా తెలుపుటయు, ఆ పంపుటకు సమ్మతి కావలసినచోట దానిని పొందుటయు పుట యజమానుని పనియే. నేను పైన చెప్పిన జాతర పుట యువకునికి ఈ తీర్పు ఎంత సన్నిహితమో గమనింపుడు. మీట నాది కాదు గనుక పాపము నాది కాదు అను మాట చెల్లదు, తలుపు తెఱచినవాడతడే.

అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆ న్యాయస్థానమే మఱియొక వ్యాజ్యమునందు, ముందుగానే గుర్తు పెట్టియుంచిన గడిని చదువరి తుడిచివేయకపోవుట సమ్మతి కాదని నిర్ణయించినది. మౌనము అర్ధాంగీకారము కాదని ఇంతకన్న స్పష్టముగా చెప్పుట కష్టము. 2022 జనవరి 20వ తేదీన మ్యూనికు నగరపు న్యాయస్థానమొకటి ఇంకొక యడుగు ముందుకు వేసినది. ఒక పుట యజమానుడు అక్షరముల రూపములను గూగుల్ నుండి తెప్పించుటచేత చదువరి చిరునామా ఆ సంస్థకు పోయినదని, అతనికి నూఱు యూరోలు చెల్లింపుమని ఆజ్ఞాపించినది. ఆ యక్షరములను తన యింటనే ఉంచుకొని చూపవచ్చునుగదా, పరుని యింటికి పంపనేల అని న్యాయస్థానముయొక్క తర్కము. సొమ్ము స్వల్పమే, నీతి గొప్పది.

ఇక ఉపాయమును చెప్పెదను. అది మిక్కిలి సులభము. హైజె యను జర్మను పత్రికా ప్రచురణసంస్థ 2011వ సంవత్సరమున రెండు నొక్కుల పద్ధతిని ప్రచారము చేసినది. పరుల మీటకు బదులుగా పుటలో బూడిదరంగు బొమ్మను మాత్రము ఉంచుదురు. ఆ బొమ్మ పుట యజమానుని యింటిదే. దానివలన ఎవరికిని ఏ వార్తయు పోదు. చదువరి ఒకమాఱు నొక్కినపిదపనే నిజమైన మీట పరులయొద్దనుండి వచ్చును. రెండవమాఱు నొక్కినచో పని జరుగును. ఈ పద్ధతియే చిత్రములకును పటములకును చెల్లును. మన జాతర పుటయందు చిత్రముండవలసిన చోట అమ్మవారి వీధి ఫొటో నొకదానిని ఉంచి, దాని క్రింద ఇట్లు వ్రాయవచ్చును: “ఈ చిత్రము యూట్యూబునుండి వచ్చును. మీరు నొక్కినచో మీ ఫోను చిరునామా వారికి తెలియును. చూడదలచినచో ఇచ్చట నొక్కుడు. చూడకున్నను తక్కిన పుటను చదువవచ్చును.” నాలుగు చిన్న వాక్యములు. వీనిలో ఎవరినుండి వచ్చునో, ఏమి పోవునో, ఏమి చేయవలెనో, చేయకున్న ఏమగునో అన్నియు నున్నవి. దారి పటమునకు బదులు, పాకాలనుండి ఎన్ని మైళ్లు, ఏ మలుపు, ఏ చెఱువుగట్టు అని రెండు పంక్తులు వ్రాసి, కావలసినవారికి పటమునకు పోవు దారిని క్రింద చూపిన చాలును.

అడుగుటలోను కపటమున్నదని మఱువరాదు. కొన్ని పుటలు ఒప్పుకొను మీటను పెద్దదిగా పచ్చరంగున నిలిపి, వద్దను మాటను మూల చీకటిలో దాచును. కొన్ని ఒప్పుకొన్ననే లోపలికి రానిత్తుమనును. అన్నిటికన్న చెడ్డది వేఱొకటి. పుట తెఱచునప్పటికే పరుల వస్తువులన్నియు తెప్పించివేసి, ఆ తరువాత “సమ్మతియేనా?” యని మర్యాదగా అడుగును. ఇది కన్యను వేఱొకరికి ఇచ్చి పంపిన పిదప నిశ్చయతాంబూలమునకు పెద్దలను పిలుచుట వంటిది. కావున అసలు పరీక్ష యిది: మీరు ఏమియు నొక్కకముందు ఏమేమి వచ్చినవి? నొక్కకముందు పరాయి వస్తువేదియు రాకున్నచో ఆ యడుగుట నిజము. వచ్చినచో అది అలంకారము.

దీనికి పుటలు చేయువారు చెప్పు ఆక్షేపణమొకటి యున్నది; దానిని కొట్టిపారవేయరాదు. ప్రతి పుటయు అడుగసాగినచో చదువరి విసిగి, చదువకయే ఒప్పుకొనునని వారందురు. అది నిజమే. మన ప్రాంతమున వ్రాయని ప్రోనోటుపై వ్రేలిముద్ర వేసి, భూములు పోగొట్టుకొన్న కుటుంబముల కథలు మీకు తెలియనివి కావు. వ్రేలిముద్ర ఉన్నంతమాత్రమున సమ్మతి ఉన్నట్లు కాదు. విసిగి నొక్కిన మీటయు అట్టిదే. కాని దీనికి మందు అడుగుట మానుట కాదు. అడుగవలసిన సందర్భములను తగ్గించుట. అక్షరములను తన యింటనే ఉంచుకొన్నవాడు అడుగనక్కఱలేదు. పటమునకు బదులు దారిని వ్రాసినవాడు అడుగనక్కఱలేదు. నిజముగా కావలసిన ఒక్క చిత్రమునకు, ఆ చిత్రమున్న చోటనే, ఒక్కమాఱు అడిగినచో ఎవరును విసుగుకొనరు. టిక్కెట్టు కొనునప్పుడు ఆ స్థలమువారే ఉంచు అవసరమైన టోకెనును గూర్చి నేను చెప్పుటలేదు. అది లేనిదే పని జరుగదు.

పుటలను చూపు సాధనములే, అనగా బ్రౌజరులే, మనలను కాపాడునుగదా యని అడుగువారును కలరు. కొంత నిజమే. ఆపిల్ సంస్థవారి సఫారి 2020వ సంవత్సరమునుండి మూడవవారి కుకీలను తానుగనే అడ్డగించుచున్నది. గూగుల్ సంస్థ తన క్రోమునుండి వానిని తొలగింతునని 2020లో ప్రకటించి, 2024లో ఆ సంకల్పమును మానుకొన్నది. అయినను కుకీని అడ్డగించినంతమాత్రమున సేవకుడు అంగడికి పోవుట ఆగదు. టోకెను లేకుండ పోవును, అంతియే. చిరునామాను చెప్పక తప్పదు. కావున కాపుదల యెంతయున్నను, ముందు అడుగవలసిన ధర్మము పుట యజమానుని విడువదు.

పిల్లల మాట వేఱుగా చెప్పవలెను. నూతన చట్టము పదునెనిమిది సంవత్సరములు నిండనివారిని పిల్లలుగా నెంచినది. వారి సమాచారమును గ్రహించుటకు తల్లిదండ్రుల సమ్మతి, సరిచూడదగిన సమ్మతి, ఉండవలెననియు, సామాన్యముగా వారి అడుగుజాడలను వెంబడించుట, వారికి గుఱిపెట్టిన ప్రకటనలు చూపుట కూడదనియు అందులో నున్నది. పల్లెలలో నేను చూచుచున్నదేమనగా, తాత పేరిటి ఫోనును మనుమడు పట్టుకొనును. తాతకు కావలసిన మీటను మనుమడు నొక్కును. మనుమడు ఏమి చూచెనో తాతకు తెలియదు, తాత ఏమి కోరెనో మనుమడు చదువడు. కేంద్రములయందు పనివాడు మన పక్షమున నొక్కునప్పుడును ఇట్లే. ఒకరి సమ్మతి మఱియొకరి వ్రేలితో ఈయబడుచున్నది. “నాయనా, అది ఏమని అడిగినది? చదివి వినిపింపుము” అని ఒక్కమాట అనుటకు సంకోచింపకుడు. ఆ మాటవలన పని అర నిమిషము ఆలస్యమగును; మీ యధికారము మీయందు నిలుచును.

ఇక మీ చేతిలోనున్న పని యొకటి కలదు. మీరు దేవాలయపు ధర్మకర్తలు, పాఠశాల సంఘ సభ్యులు, మామిడి రైతుల సంఘములకు, పాలసంఘములకు పెద్దలు. ఆ సంస్థల పేర నేడో రేపో పుటలు వెలయును. పుటను చేసి తెచ్చినవానిని మూడు ప్రశ్నలడుగుడు. ఇందులో మనవి కాని వస్తువులేవి? వానిలో లేకున్నను జరుగునవి యేవి? మిగిలినవి చదువరి నొక్కకముందే వచ్చుచున్నవా, నొక్కినపిదప వచ్చుచున్నవా? ఈ ప్రశ్నలకు యంత్రశాస్త్రము తెలియనక్కఱలేదు. తయారుచేసినవానికి ప్రత్యుత్తరము తెలియును. అడుగువారు లేనందుననే అతడు చెప్పలేదు.

మన యూళ్లలో తలుపు తెఱచియున్నను బయటివాడు గడపయొద్ద నిలిచి, “అయ్యా, ఇంటనున్నారా?” యని పిలిచి, లోపలినుండి మాట వచ్చినపిదపనే అడుగు పెట్టును. తాళము లేకపోవుట అనుమతి కాదని మనకు ఎవరును నేర్పలేదు. అది మన నడవడి. అంతర్జాలము నిర్మించినవారు యంత్రములను నేర్చిరి గాని ఈ గడపను మఱచిరి. ఆ గడపను మరల నిలుపుటకు చట్టములు కొంత చేయును. మన యూరి పుటలలో ముందుగా నిలుపుట మన చేతిలోనే యున్నది.